నాయన బూర, దసరా పళ్ళు

బూర ఊదేవాళ్ళకు పండగ కానుకగా ఏమివ్వాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా వాళ్ళకు తెలియదు. అందుకే ఏటేటా దసరాకు మనసారా ఇస్తారు, మనసారా తప్పుగానే ఇస్తారు.

ముందు చింతపండు. ఇత్తడి వస్తువు కాబట్టి తోముకోవడానికి పనికొస్తుందని వాళ్ళ ఆలోచన. ఒక దసరాకు పక్కింటి పెద్దమ్మ ఇవ్వడంతో ఊరుకోక, మేము అన్నాలు తింటుండగా నా బూరను కుళాయి దగ్గరికి ఎత్తుకుపోయి, చింతపండూ బూడిదా కలిపి బిందెను తోమినట్టు తోమేసింది. పైనున్న పూత సగం లేచిపోయింది. మీటల్లోకి బూడిద దూరి, నొక్కిన మీట మళ్ళీ పైకి లేవడం మానేసింది. "ఎట్ల మెరుస్తుండాదో చూడు పాపా" అని ఆమె తెచ్చి నా ముందు పెట్టినప్పుడు, వచ్చిన కోపానికి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాయన మాత్రం నిదానంగా అటూ ఇటూ తిప్పి చూసి, "బంగారం మాదిరి ఉండాది వదినా" అన్నాడు. ఆమె అటు పోగానే గుడ్డపేలిక, కిరసనాయిలు తీసుకుని సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాడు.

పైగా చింతపండు మాట ఎత్తితేనే నోట్లో నీళ్ళూరతాయి. నీళ్ళూరే నోటికి బూర లొంగదు. ఈ సంగతి మాత్రం ఊళ్ళో మామ వరసయ్యేవాళ్ళందరికీ బాగా తెలుసు. ఊరేగింపులో సరిగ్గా నా ఎదురుగా వచ్చి నిలబడి, పచ్చి చింతకాయ కొరికి, కళ్ళు మూసుకుని చప్పరిస్తారు. వాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంకా గొంతుకు చుట్టుకోమని మఫ్లరు ఇస్తారు. ఊపిరికి బలమని బాదం పప్పు ఇస్తారు. మార్కాపురంలో నేను పనిచేసే బళ్ళో తోటి టీచరమ్మ ఒకసారి వేలెడంత ఇత్తడి బూర బొమ్మ ఇచ్చింది. "మీరు ఊదుతారు కదా మేడం, అందుకని" అంది. ఊదేవాళ్ళకు ఊదని బూర ఎందుకో నాకు అంతుపట్టలేదు కానీ, టీవీ పక్కన పెట్టుకున్నాను. పనికొచ్చే కానుక ఇచ్చేది మా అమ్మ ఒక్కతే. పండగ పొద్దున అప్పుడే చిలికిన వెన్న చిన్న గిన్నెలో తెచ్చి, పెదవులకు రాసుకోమని మా ఇద్దరి మధ్యా పెట్టేది. పెడుతూ పెడుతూ, "మీ మోతకు నా చెవులు ఎప్పుడో పోతాయి" అని కూడా అనేది.

ఇద్దరమంటే నాయనా నేనూ. మాది కంభం చెరువుకు అవతలి వైపు చిన్న ఊరు. నాయనది సేద్యం. కందీ మిరపా వేస్తాడు. బూర ఆయనకు పని కాదు, ఇష్టం. దసరానాడు అమ్మవారిని జమ్మిచెట్టు దాకా ఊరేగించేటప్పుడు డప్పుల వాళ్ళకు ముందు మేమిద్దరం ఊదుకుంటూ నడుస్తాము. డప్పుల వాళ్ళకు ఊరి మామూలు ఉంది. నాయనకు డబ్బు ఇస్తే తీసుకోడు, ఏమీ ఇవ్వకపోతే ఊరికి మనసొప్పదు. అందుకని ఇంటికొక వస్తువు ఇవ్వడం పద్ధతిగా నిలిచిపోయింది.

పడుచువాడుగా ఉన్నప్పుడు నాయన కంభం బ్యాండు వాళ్ళను ట్రాక్టరు మీద పెళ్ళిళ్ళకు తీసుకుపోయేవాడట. ఇటు దోర్నాల దాకా, అటు గిద్దలూరు అవతల దాకా. తిరుగు దారిలో బ్యాండు పెద్దాయన పక్కన కూర్చుని బూర పట్టడం నేర్పాడు. తరవాత డీజే పెట్టెలు వచ్చాయి, బ్యాండు చెదిరిపోయింది. ఒక దసరాకు ఆ పెద్దాయన బస్సు దిగి మా ఇంటికి నడిచి వచ్చి, గుడ్డలో చుట్టిన తన బూరను నాయన చేతిలో పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. తెల్లటి చొక్కా ఒకటి ఎండలో అలా దూరమైపోతూ ఉండడం నాకు గుర్తుంది. నిజంగా చూశానో, విని విని కలగన్నానో చెప్పలేను. అప్పటికి నేను చాలా చిన్నదాన్ని.

నాకు బూర వచ్చింది కూడా దసరాకే. పదో తరగతిలో ఉన్నాను. నా జత పిల్లలందరికీ పట్టు లంగా ఓణీలు వచ్చాయి. నాయన నంద్యాల పోయి వస్తున్నాడంటే నాకూ అదే వస్తుందని వాకిట్లో కాచుకుని కూర్చున్నాను. సంచిలోంచి సొట్టలు పడిన పాత బూర బయటికి వచ్చింది. ఆ పండగంతా గడ్డివాము వెనక ఏడుస్తూ గడిపాను. మరుసటి రోజు ఎవరూ లేనప్పుడు ఊది చూస్తే బర్రె అరిచినట్టు వచ్చింది. చాలా అవమానం అనిపించింది. నేను నేర్చుకున్నది సంగీతం మీద ప్రేమతో కాదు, ఆ అవమానం పడలేక.

ప్రేమ తరవాత వచ్చింది, చెరువు కట్ట మీద. తెల్లవారుజామున నాయన నన్ను లేపి తీసుకుపోయేవాడు. సగం నిద్రలోనే నడిచేదాన్ని. వానలు పడిన ఏడు చెరువు నిండుగా ఉండేది. నీళ్ళ మీద మంచు పరుచుకుని, కొండలకు అడుగు భాగం లేనట్టు కనపడేది. నాయన ఊది ఆపేవాడు. ఆ పాట నీళ్ళ మీదుగా పోయి, కొండల్ని తాకి, ఎంతో మెత్తబడి తిరిగి వచ్చేది. అవతల ఇంకో నాయన ఉన్నాడనీ, ఆయన పక్కన నిద్రమొహంతో ఇంకో నేను ఉన్నాననీ అనిపించేది. కంభం స్టేషన్లో రైలు కూత వేస్తే నాయన ఆ కూతకు సరిగ్గా సరిపోయే స్వరం ఊది, రైలు జవాబు చెబుతుందేమోనని ఆగేవాడు. గొర్రెలు తోలుకుపోయే మామ ఒకాయన కట్ట మీద కూర్చుండిపోయేవాడు. గొర్రెలు ఎటు పోయినా ఆయనకు పట్టేది కాదు. ఆ పొద్దుల్లో ఏవి జరిగాయో, ఏవి తిరిగి ఇంటికొచ్చి పడుకున్నాక కలలో వచ్చాయో విడదీయమంటే నా వల్ల కాదు, విడదీయాలని కూడా లేదు.

మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. పాట నాయన ఊదేవాడు. నేను ఆయన వెనక నిలబడి, కింద స్వరాలు పట్టుకుని ఊరికే సాగదీసేదాన్ని. "పాట ముందుంటాది, తోడు వెనకుంటాది" అనేవాడు. పాటంతా నాకూ వచ్చు. మార్కాపురంలో కాపురం పెట్టాక మేడ మీద, బూర నోట్లో తువాలు కుక్కి, ఇరుగుపొరుగు వినకుండా ఎన్నోసార్లు ఊదుకున్నాను. "ఈసారి నేను ముందుంటా నాయనా" అని ఏటా అడిగేదాన్ని. "ఉందువులే" అని ఏటా అనేవాడు. అలా నాకు తల వెంట్రుకలు నెరవడం మొదలైంది.

ఇక పళ్ళ సంగతి. మా వైపు నీళ్ళలో ఫ్లోరైడు ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. ఇప్పుడు ఇంటింటికీ నీళ్ళ క్యాన్లు వస్తున్నాయి కానీ, నాయన ఈడువాళ్ళంతా బోరు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళే. పళ్ళ మీద గోధుమరంగు చారలు, పెళుసుబారిన అంచులు. మొన్నటి ఎండాకాలంలో నాయనకు పైవరస ముందు పళ్ళు ఒకదాని వెనక ఒకటి కదిలి ఊడిపోయాయి. మిగిలిన ఒకటీ అరా డాక్టరు తీసేశాడు. బూర ఊదేవాడికి ముందు పళ్ళు లేకపోతే పెదవికి వెనక ఆనుకోవడానికి ఏమీ ఉండదు. గోడ లేకుండా చిత్రం వేయలేం కదా.

ఆయన బూరను గుడ్డలో చుట్టి దూలానికి తగిలించాడు. దానికి నేను బాధపడలేదు, తరవాత జరిగినదానికి బాధపడ్డాను. బయటికి రావడం మానేశాడు. ఎవరైనా పలకరిస్తే తువాలు నోటికి అడ్డం పెట్టుకుని రెండు మాటలు చెప్పి లోపలికి పోయేవాడు. చెరువు కట్ట మీదికి కూడా పోలేదు. అమ్మ నాకు ఫోన్ చేసి, "మనిషి ఇంట్లోనే ఉండాడు గానీ ఇంట్లో లేడు పాపా" అంది. ఊళ్ళో పిల్లగాళ్ళు అప్పుడే మార్కాపురంలో డీజే మాట్లాడటానికి చూస్తున్నారు. డీజే ఒక ఏడు వచ్చిందంటే మళ్ళీ పోదు. ఈ దసరాకు నాయన గడప దాటకపోతే ఇక ఎప్పటికీ దాటడని నాకు గట్టిగా అనిపించి, చాలా భయం వేసింది.

అందుకని మార్కాపురం పిలిపించి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కొలతలు తీసుకున్నారు, కొన్నాళ్ళకు కట్టుడు పళ్ళు తయారయ్యాయి. రోజూ పెట్టుకోవాలని, అలవాటయ్యేదాకా కొంచెం ఇబ్బందిగా ఉంటుందని డాక్టరు చెప్పాడు. నాయన అన్నిటికీ తల ఊపాడు. బస్టాండులో ఆ చిన్న డబ్బా ఆయన చేతిలో పెట్టి, ఎంతో గొప్పగా, "ఇది నీకు నా దసరా కానుక" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదో.

పరీక్షల హడావిడిలో ఆ తరవాత ఊరికి పోలేకపోయాను. ఫోన్లో అడిగితే "బాగుండాయి, బాగుండాయి" అనేవాడు. మాట స్పష్టంగా వినపడకపోతే సిగ్నల్ సరిగా లేదనుకున్నాను. మా ఊరి సిగ్నల్ మీద నాకు ఉన్న నమ్మకం అటువంటిది.

దసరానాడు మధ్యాహ్నం దాటి నేను ఇల్లు చేరేసరికి నాయన తలస్నానం చేసి కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చుని ఉన్నాడు. నోరు బోసిగా ఉంది. అమ్మ బీరువా తెరిచి, కొత్త బట్టల మడతల మధ్య నుంచి డబ్బా తీసి, దేవుడి దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. మూత తీశారు. గులాబీరంగు చిగుళ్ళ మీద, అంచుల్లో, కొత్త చొక్కా కాలరుకు పెట్టినట్టు పసుపు బొట్లు పెట్టి ఉన్నాయి. ఆ పసుపు అక్కడ ఎన్నాళ్ళుగా ఉందో గానీ, ముందు పళ్ళు రెండు చక్కగా పసుపు పట్టాయి.

"ఇన్నాళ్ళూ పెట్టుకోలేదా నాయనా?"

"దసరాకని ఇచ్చినావు గదమ్మా" అన్నాడు. "పండగ వస్తువు ముందే వాడేస్తే పండగనాటికి పాతది కాదా?"

అమ్మ కూడా అంతే అమాయకంగా నా వైపు చూసింది. పట్టుచీర ఎలాగో పళ్ళూ అలాగే వాళ్ళకు. తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు.

పెట్టుకున్నాడు. మనిషి ఒక్కసారి పదేళ్ళు వెనక్కి పోయినట్టు అయ్యాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దూలం మీది మూట దించి, బూర తుడిచి, పెదవికి ఆనించి ఊదాడు. గాలి వచ్చింది, స్వరం రాలేదు. ఇంకొంచెం ఒత్తి ఊదాడు. లోపల పళ్ళు జారి, బూర అంచుకు టక్కుమని తగిలాయి. మళ్ళీ సర్దుకుని ఊదాడు. మళ్ళీ జారాయి. నాలుగోసారి ఆయన బూర ఎత్తబోతుంటే నేను తల తిప్పుకున్నాను.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక అందరి మీదా వచ్చింది. పళ్ళ డాక్టరును తిట్టాను. పసుపును తిట్టాను. పండగల్ని తిట్టాను. చింతపండు పొట్లం పట్టుకుని అప్పుడే వాకిట్లోకి వచ్చిన పక్కింటి పెద్దమ్మ, నా మొహం చూసి, పొట్లం అరుగు మీద పెట్టి నిశ్శబ్దంగా వెళ్ళిపోయింది. బయట డప్పుల వాళ్ళు గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. ఆ కాగే తోలు వాసన ఇంట్లోకి వస్తుంటే నాయన బూరను మళ్ళీ గుడ్డలో చుట్టసాగాడు.

"నువ్వు పో పాపా. పాట నీకు వచ్చు గదా. నేను లోపలుంటా."

"నువ్వు రాకపోతే నేనూ పోను."

"అయితే ఇద్దరూ కూచోండి" అంది అమ్మ. "ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూచోండి. ఇన్నేండ్లు మీ మోత భరించిందాన్ని. మోత లేని దసరా నేను చూడలేను. నేను పక్కూరికి పోతా." అనడమే కాదు, నిజంగానే చెప్పులు వేసుకుంది.

ఆ చెప్పులు చూసి నాకు తెలివి వచ్చింది. నాయన చెయ్యి పట్టుకుని గొడ్లపాకలోకి తీసుకుపోయాను. పాట ఊదాలంటే గట్టిగా ఒత్తాలి, ఒత్తితే పళ్ళు జారతాయి. కింద స్వరానికి అంత ఒత్తిడి అక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఆ స్వరం పట్టిందాన్ని నేను. అది నాకు తెలిసినట్టు ఆయనకు తెలియదు.

"ఆనీ ఆననట్టు పెట్టు నాయనా. పెదవి మూలలు బిగించు. గాలి తొయ్యొద్దు, వదులు."

ఆయన ఊదాడు. గాలి. మళ్ళీ ఊదాడు, గాలే. తరవాత ఎక్కడో నేల కింద నుంచి వచ్చినట్టు ఒక స్వరం వచ్చింది. సన్నగా, వణుకుతూ, ఎంతో మెత్తగా. బర్రెలు నెమరు ఆపి చూశాయి. నాయన బూర దించి దాని వైపే చూస్తూ, "ఇది వెనకుండేది గదా" అన్నాడు.

"అవును. ఈ పొద్దు నువ్వు వెనకుండు."

నేను అడగలేదు, ఆయన ఉందువులే అనలేదు. ఇద్దరం బయటికి వచ్చాము. అమ్మ చెప్పులు విడవలేదు, అవే చెప్పులతో మా వెంట నడిచింది.

ముందు నడవడమంటే ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు. ఎప్పుడూ నాయన వీపు చూస్తూ నడిచినదాన్ని. ఆ రోజు నా ముందు ఎవరూ లేరు. తడిసిన ఎర్రమట్టి దారి, రెండు వైపులా పసుపుపచ్చగా పూతకొచ్చిన కందిచేలు, వాలుతున్న ఎండ. మొదటి చరణం ఎత్తుకున్నాక నా కాళ్ళు నడుస్తున్నట్టు అనిపించలేదు. చేలూ మనుషులూ ఇళ్ళూ నా పక్కల నుంచి మెల్లగా వెనక్కి నడిచిపోతున్నారు, నేను ఒకచోటే నిలబడి ఊదుతున్నాను. చింతకాయ మామ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు గానీ ఆయన నాకు చాలా దూరంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనపడ్డాడు. నా వెనక నాయన స్వరం ఉంది. అక్కడక్కడా తెగేది. తెగిన చోట నా పాటకు కాళ్ళ కింద నేల పోయినట్టు అయ్యేది. పళ్ళు సర్దుకుని ఆయన మళ్ళీ అందుకోగానే నేల తిరిగి వచ్చేది. వెనక నిలబడి ఇన్నేళ్ళూ నేను ఆయనకు ఏమిచ్చానో అప్పుడు తెలిసింది. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను.

జమ్మిచెట్టు దగ్గర పూజ జరుగుతుంటే మేము కాస్త ఎడంగా పొలం గట్టు మీద కూర్చున్నాము. అందరూ జమ్మి ఆకులు చేతుల్లో పెట్టుకుని ఒకరికొకరు పంచుకుంటున్నారు. నాయన కట్టుడు పళ్ళు తీసి, నీళ్ళతో కడిగి, మళ్ళీ పెట్టుకున్నాడు. నేను ఎక్కడ తప్పు ఊదానో చెబుతాడని కాచుకున్నాను. రెండో చరణంలో తొందరపడ్డానని నాకే తెలుసు. జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"ఇన్నేండ్లు నువ్వు ఎట్ల ఊదుతావో నేను వినలేదు పాపా" అన్నాడు.

"ఎట్ల వినవు? వెనకనే ఉంటిని గదా."

"వెనకనే ఉంటివి. నేను ఊదుకుంటా ముందు పోతుంటిని. నా మోతే నాకు వినపడుతుండె. నీకు నేర్పినా గానీ నీ పాట వినలేదు." బూరను ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఈ పొద్దు విన్నా. వచ్చే ఏటికి పళ్ళు కుదిరినా నేను వెనకనే ఉంటా. నాకు వినాలని ఉండాది."

నాకు ఏడుపు వచ్చింది. గడ్డివాము వెనక ఏడ్చిన ఏడుపు లాంటిది కాదు, ఆపుకోవాలని కూడా అనిపించని ఏడుపు. అంతలో పూజ ముగిసి, తిరుగు ఊరేగింపుకు అమ్మవారిని ఎత్తారు. అందరూ మా వైపు చూస్తున్నారు. నేను లేచి బూర పెదవికి ఆనించుకున్నాను. పెదవి వణుకుతుంటే బూర పలకదు. వట్టి గాలి వచ్చింది. వెనక నాయన ఊదాడు, ఆయనకూ గాలే వచ్చింది. డప్పుల వాళ్ళ పెద్దాయన నన్నూ ఆయన్నూ ఒకసారి చూసి, తానే దరువు అందుకున్నాడు.